పియానో ముందు రెండో కుర్చీ



యాన్యువల్ డే తేదీ డైరీలో పడిందంటే మ్యూజిక్ రూముకు ఫోన్లు మొదలవుతాయి. అడిగేది దాదాపు ఒకటే మాట: "సార్, మా వాడికి ఒక సోలో ఇవ్వండి." కొందరు ఇంకాస్త ముందుకెళ్లి, "గ్రూపులో మాత్రం వద్దండి, అంతమందిలో మా పాప ఎవరికి కనపడుతుంది?" అంటారు. ఆ కోరికను నేను తప్పు పట్టను. ఫీజు కడుతున్నారు, ఇంట్లో కీబోర్డు కొన్నారు, సాయంత్రం క్లాసు అయ్యేదాకా గేటు బయట బండి మీద కూర్చుంటున్నారు. స్టేజీ మీద బిడ్డ ఒక్కడే వాయిస్తుంటే వీడియో తీసి బంధువులందరికీ పంపుకోవాలని ఎవరికుండదు?

అయినా ఈ నెల మీతో కాస్త వాదన పెట్టుకోదలిచాను. కీబోర్డు, పియానో నేర్చుకునే పిల్లలకు సోలో కంటే ముందు ఇద్దరు కలిసి వాయించడం రావాలి. సోలో పెద్ద బహుమతి, డ్యూయెట్ దానికి కాస్త తక్కువ అని మనలో పాతుకుపోయిన లెక్క సరైనది కాదని నా నమ్మకం.

ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో కొంత ఊహించగలను. పాత తెలుగు సినిమాల్లో జమీందారు బంగళా, మెట్ల పక్కన పెద్ద నల్ల పియానో, దాని ముందు సూటు వేసుకున్న హీరో. మనసులో బాధంతా ఒంటరిగా ఆ పియానో మీద దింపుకుంటాడు. (వేళ్లు ఒక వైపు, పాట ఒక వైపు పోతున్నా మనం పట్టించుకోలేదు.) మన ప్రాంతంలో చాలామందికి పియానో అంటే తెలిసింది ఆ ఒంటరి మనిషే. ఆ తర్వాత చెన్నై కుర్రాడు లిడియన్ నాదస్వరం వచ్చాడు. 2019లో అమెరికాలో సీబీఎస్ టీవీ వాళ్ల 'ద వరల్డ్స్ బెస్ట్' పోటీలో పదమూడేళ్ల వయసులో గెలిచి పది లక్షల డాలర్లు తెచ్చుకున్నాడు. రిమ్‌స్కీ-కోర్సకోవ్ తుమ్మెద సంగీతాన్ని కళ్లు తిరిగే వేగంతో వాయించాడు. రెండు పియానోల మధ్య కూర్చుని ఒక్కో చేత్తో ఒక్కోటి వాయించిన వీడియో కూడా మీ ఫోనుకు వచ్చే ఉంటుంది. నాకైతే పేరెంట్స్ గ్రూపులోనే చాలాసార్లు వచ్చింది.

ఆ అబ్బాయి ప్రతిభకు దండం పెట్టాల్సిందే. అయితే ఆ వీడియో చూసిన చాలామందికి మనసులో నిలిచింది ఒక మనిషి, రెండు పియానోలు. నేను చెప్పబోయేది దీనికి తిరగేసిన బొమ్మ. ఒక పియానో, ఇద్దరు మనుషులు.

ముందు సోలో సంగతి చూద్దాం. ఒక్కడే కూర్చుని కచేరీ అంతా నడిపించడం పాశ్చాత్య సంగీతంలో మొదటి నుంచీ ఉన్న ఆచారం కాదు. 1840కి ముందు కచేరీ అంటే కలగూరగంప. ఒకరు పాడేవారు, ఒకరు వయొలిన్ వాయించేవారు, మధ్యలో పియానో వచ్చి పోయేది. ఫ్రాంజ్ లిస్ట్ అనే హంగేరీ పియానిస్టు 1839లో రోమ్‌లో తానొక్కడే కచేరీ చేసి చూశాడు. 1840 జూన్‌లో లండన్‌లో అదే పని చేసినప్పుడు ప్రకటనలో 'రిసైటల్' అనే మాట వాడారు. పియానో మీద 'రిసైటల్' ఏమిటని అప్పట్లో జనం వింతగా చెప్పుకున్నారట. అంటే మనం శిఖరం అనుకునే ఈ సోలో కచేరీకి ఇంకా రెండు వందల ఏళ్లు నిండలేదు.

మన దగ్గరా ఇలాంటి కథే ఉంది. వయొలిన్ పడమటి నుంచి వచ్చి కర్ణాటక సంగీతంలో పక్కవాద్యంగా కుదురుకుంది. దాన్ని వేదిక మధ్యలో కూర్చోబెట్టిన ఘనత విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో పాఠాలు చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిది. 1938లో మనకు దగ్గర్లోని వేలూరులో ఆయన చేసిన కచేరీని తొలి సోలో వయొలిన్ కచేరీగా చెప్తారు. ఇందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. పక్కవాద్యగాడి పని అంటే ముందు ఎదుటివాడిని వినడం. వాళ్లు ఏ సంగతి వేస్తారో కనిపెట్టి వెంట నడవడం. మన వయొలిన్ ఆ బడిలో చదివి వచ్చాకే మధ్య పీఠం ఎక్కింది.

పియానోకు మాత్రం మన సంగీతంలో ఆ చోటు దొరకలేదు. వయొలిన్ తీగ మీద వేలు జారితే గమకం పలుకుతుంది. పియానోలో ఒక్కో మెట్టుకు ఒక్కో స్వరం బిగించి ఉంటుంది, రెండు మెట్ల మధ్య ఉన్న జాగాలోకి వేలు పోదు. అందుకే అది చర్చిల్లో, బంగళాల్లో, మద్రాసు రికార్డింగ్ స్టూడియోల్లో ఉండిపోయింది. ఇప్పుడు దాని చిన్న తమ్ముడు కీబోర్డు మన గూడూరులో ఇంటింటికీ వచ్చింది. ఆదివారం ప్రార్థనలో కీబోర్డు వినే పిల్లలు మన స్కూల్లో చాలామందే ఉన్నారు, వాళ్లకు శృతి జ్ఞానం త్వరగా రావడం నేను చూస్తూనే ఉన్నాను.

ఇక ఇద్దరి సంగతి. పియానో జంట వాద్యం రెండు రకాలు. ఒకే పియానో ముందు ఇద్దరు పక్కపక్కనే కూర్చుని నాలుగు చేతులతో వాయించేది ఒకటి. రెండు పియానోలు ఎదురెదురుగా పెట్టుకుని వాయించేది రెండోది. మొదటి దాంట్లో కుడి పక్కన కూర్చున్నవారిని 'ప్రీమో' అంటారు, పై స్వరాలు వారివి. ఎడమ పక్కన 'సెకండో', కింది స్వరాలు, సాధారణంగా పెడల్ కూడా వారిదే. ఒక్క పెడల్ ఇద్దరి స్వరాలనూ పట్టి ఉంచుతుంది కాబట్టి సెకండో తన చేతుల కంటే పక్కవారి చేతులనే ఎక్కువ వినాలి. మోచేతులు తగులుకుంటాయి. ఒకరి ఎడమ చెయ్యి ఇంకొకరి కుడి చేతి మీదుగా పోవాల్సి వస్తుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టాలంటే ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టుకోకూడదు. ఒకరు ఊపిరి తీసుకుంటే రెండోవారికి అందాలి.

ఇది పిల్లల చేత చేయించి చూస్తే తెలుస్తుంది. ఒంటరిగా వాయించే పిల్లలకు అందరికీ ఒక అలవాటు ఉంటుంది. తప్పు పడగానే ఆగిపోతారు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. పదిసార్లు తప్పితే పదిసార్లూ మొదటికే. మొదటి నాలుగు వరుసలు అద్భుతంగా వస్తాయి, చివరి నాలుగు వరుసలు ఎప్పటికీ రావు. పక్కన ఇంకొకరు వాయిస్తుంటే ఆ ఆట సాగదు. బండి కదిలిపోతుంటుంది. ఎక్కడో ఒకచోట పట్టుకుని ఎక్కాల్సిందే. ఏడాదిగా నేను "ఆగొద్దు, ముందుకు పో" అని మొత్తుకున్నా రాని పని, పక్క కుర్చీలో ఇంకో పిల్ల కూర్చున్న రెండు వారాల్లో వచ్చేస్తుంది. స్టేజీ భయం కూడా అంతే. వణికే చేతులు నాలుగున్నా, భయం సగమే ఉంటుంది.

మీరు ఇంట్లో గమనించారో లేదో, కీబోర్డులో 'స్టైల్' అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే డ్రమ్ములు, గిటార్లు వాటంతట అవే మోగుతాయి, పిల్లవాడు ఒక్క వేలితో వాయించినా ఆర్కెస్ట్రా లాగా వినిపిస్తుంది. చుట్టాలు వచ్చినప్పుడు బాగుంటుంది. కానీ ఆ యంత్రం మీ బిడ్డ కోసం ఒక్క మాత్ర కూడా ఆగదు. వీడు తడబడినా, మెత్తగా వాయించినా దానికి తెలియదు. దాంతో ఏళ్ల తరబడి వాయించిన పిల్లలు తాళానికి నిలబడతారు గానీ మనిషికి నిలబడరు. దయచేసి సాధన చేసేటప్పుడు ఆ బటన్ ముట్టుకోనివ్వకండి.

పాశ్చాత్య సంగీతంలో ఈ జంట వాద్యానికి పునాది ఇళ్లలోనే పడింది. రికార్డులు, రేడియోలు లేని రోజుల్లో పెద్ద ఆర్కెస్ట్రా సింఫనీ వినాలంటే ఊళ్లో అది వాయించే దాకా ఆగాలి. లేదా దాన్ని నాలుగు చేతులకు కుదించి రాసిన పుస్తకం కొనుక్కుని ఇంట్లో ఇద్దరు కూర్చుని వాయించుకోవాలి. యూరప్‌లో ఎన్నో కుటుంబాలు బేతోవెన్‌ను అలాగే విన్నాయి. షూబర్ట్ 1828లో, తాను చనిపోయిన ఏడాదే, ఎఫ్ మైనర్‌లో ఒక ఫాంటసీ రాశాడు. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. ఒకే పియానో, నాలుగు చేతులు. నాకు తెలిసిన పియానో సంగీతంలో అంత దిగులు, అంత దగ్గరితనం కలిసి ఉన్నది ఇంకొకటి లేదు. ఇరవై నిమిషాలు కూడా ఉండదు. ఈ ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఒకసారి వినండి.

మొజార్ట్ పేరు మీ అందరికీ తెలుసు. ఆయన అక్క పేరు ఎంతమందికి తెలుసు? మరియా అన్నా, ఇంట్లో నానెర్ల్ అని పిలిచేవారు. తమ్ముడి కంటే నాలుగేళ్లకు పైగా పెద్దది. 1763 నుంచి మూడేళ్లకు పైగా తండ్రి ఇద్దరినీ యూరప్ అంతా తిప్పి కచేరీలు చేయించాడు. 1780 ప్రాంతంలో గీయించిన వాళ్ల కుటుంబ చిత్రపటం ఒకటుంది. అక్కా తమ్ముడూ ఒకే వాద్యం ముందు కూర్చుని, ఒకరి చేతి మీదుగా ఒకరి చెయ్యి పోతూ వాయిస్తుంటారు. తండ్రి వయొలిన్ పట్టుకుని పక్కన ఉంటాడు. అప్పటికే చనిపోయిన తల్లి గోడ మీద పటంలో ఉంటుంది. ఎంతో ముచ్చటైన బొమ్మ. కానీ ఆ బొమ్మ నాటికి అక్క కచేరీ యాత్రలు ఆగిపోయి పదేళ్లు దాటింది. ఈడు వచ్చిన పిల్ల ఊళ్లు తిరగకూడదు కాబట్టి 1769 తర్వాత ఆమెను ఇంట్లో ఉంచేశారు. తమ్ముడు ఇటలీ వెళ్లాడు.

రెండున్నర శతాబ్దాల నాటి జర్మన్ మాటల ఊరి కథ మనకెందుకు అంటారేమో. మన రిజిస్టర్ చూసి చెప్తున్నాను. ఐదు, ఆరు తరగతుల్లో మ్యూజిక్ క్లాసుకు అమ్మాయిలే ఎక్కువ వస్తారు. తొమ్మిదికి వచ్చేసరికి ఒకరో ఇద్దరో మిగులుతారు. "ఇక చాలు సార్, పెద్దదయింది" అని ఒక మాట, "ఫౌండేషన్ క్లాసులు మొదలయ్యాయి" అని ఇంకో మాట. అబ్బాయిలకు రెండో కారణం ఒక్కటే చెప్తారు. ఈ పత్రిక మన స్కూలుదే, ఫౌండేషన్ క్లాసుల టైంటేబుల్ కూడా ఇందులోనే వస్తుందని నాకు తెలుసు. ఆ క్లాసులు మానమని నేను అనడం లేదు. వారానికి నలభై నిమిషాలు మిగల్చమని అడుగుతున్నాను. ఒంటరిగా సాధన చేయడానికి రోజూ గంట కావాలి. ఇద్దరు కలిసి వాయించే చిన్న ముక్కకు అంత అక్కర్లేదు. అందుకే చదువు బరువు పెరిగిన పిల్లలను సంగీతంలో నిలబెట్టడానికి డ్యూయెట్‌ను మించిన దారి నాకు కనిపించలేదు. స్నేహితురాలు ఎదురుచూస్తుందని వస్తారు. నా కోసమైతే రారు.

సంగీతం వింటే ర్యాంకు వస్తుందా అని అడిగేవారూ ఉన్నారు. 'మొజార్ట్ ఎఫెక్ట్' అని విని ఉంటారు, పసిపిల్లలకు వినిపించే సీడీలు కూడా అమ్మారు. దాని మూలం 1993లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక చిన్న పరిశోధన. పరీక్షించింది పసిపిల్లలను కాదు, 36 మంది కాలేజీ విద్యార్థులను. ఒక రకం పజిళ్లలో కొంచెం మెరుగు కనిపించింది, అదీ పది పదిహేను నిమిషాలే. తర్వాత చేసిన పరిశోధనలు చాలావరకు దాన్ని బలపరచలేదు. కాబట్టి ర్యాంకు కోసం పియానో నేర్పించకండి, ర్యాంకుకు లెక్కల మాస్టారు ఉన్నారు. ఇందులో నాకు నచ్చిన తమాషా ఒకటుంది. ఆ విద్యార్థులకు వినిపించిన మొజార్ట్ సంగీతం రెండు పియానోల సొనాట. 1781లో జోసెఫా ఆవెర్నామర్ అనే తన శిష్యురాలితో కలిసి వాయించడానికి రాసుకున్నది. అందులో గురువుకు పెద్ద భాగం, శిష్యురాలికి చిన్న భాగం లేవు. ఒకరు అన్న మాట రెండోవారు అందుకుంటారు, ఇద్దరికీ సమానమైన పని.

"పెద్ద పెద్ద కళాకారులంతా సోలో వాయించే పేరు తెచ్చుకున్నారు కదా" అని ఒక నాన్నగారు నాతో అన్నారు. నిజమే, చాలామంది అంతే. కానీ మార్తా ఆర్గెరిచ్ సంగతి వినండి. అర్జెంటీనాలో 1941లో పుట్టింది. 1965లో వార్సాలో షోపాన్ పోటీ గెలిచింది. ఇప్పుడున్న పియానిస్టుల్లో అగ్రశ్రేణిలో ఆమె పేరు చెప్పనివారు ఉండరు. అలాంటి మనిషి 1980ల నుంచి సోలో కచేరీలు దాదాపు మానేసింది. వేదిక మీద ఒంటరిగా అనిపిస్తుందని ఆమే చెప్పుకుంది. ఆ తర్వాత ఎక్కువగా ఆర్కెస్ట్రాలతో, స్నేహితులతో కలిసి వాయించింది. బ్రెజిల్ పియానిస్టు నెల్సన్ ఫ్రేరీతో ఆమె వాయించిన రెండు పియానోల కచేరీలు యూట్యూబులో దొరుకుతాయి. ఫ్రేరీ 2021లో పోయారు. వాళ్లిద్దరూ వాయించేటప్పుడు ఒకరి ముఖం ఒకరు పెద్దగా చూసుకోరు, అయినా ఒక్క స్వరం అటూ ఇటూ పోదు. ఫ్రాన్సుకు చెందిన కాత్యా, మారియెల్ లబెక్ అక్కచెల్లెళ్లు కూడా జీవితమంతా జంటగానే వాయించి పేరు తెచ్చుకున్నారు.

జంట అంటే మనకు తెలియని వింత కాదు. తిరుపతి వేంకట కవుల పద్యాల్లో ఏది ఎవరిదో విడదీసి చెప్పలేం. హైదరాబాద్ బ్రదర్స్, ప్రియా సిస్టర్స్ కచేరీలు విన్నవాళ్లు మీలో ఉంటారు. నాదస్వరం జంటగా వాయించే షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లలో ఎవరికి ఎన్ని మార్కులు అని ఎవరూ అడగలేదు.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఒకటి నేను ఒప్పుకుంటాను. జంటలో ఒకరు బాగా వాయించి, ఇంకొకరు వాళ్ల నీడలో నెట్టుకొచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు మాస్టారుగా నా పని భాగాలు మార్చడం. ఈ నెల ప్రీమో వాయించినవారు వచ్చే నెల సెకండో. కింది భాగం వాయించడం చిన్నతనం కాదని పిల్లలకు త్వరగానే తెలుస్తుంది, ఇల్లు నిలబడేది పునాది మీద కదా. పరీక్షల విషయానికొస్తే ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం వాళ్లు కూడా తొలి గ్రేడుల్లో డ్యూయెట్ ఎంచుకునే వీలు ఇచ్చారు. సర్టిఫికెట్ ఎక్కడికీ పోదు. సోలో వద్దని కూడా నేను అనను. క్లాసులో ఇద్దరితో కలిసి వాయించగలిగిన పిల్లలే యాన్యువల్ డేలో సోలో చేయాలని మాత్రం నా ప్రతిపాదన.

ఇంట్లో మీరు చేయగలిగింది కూడా ఉంది. డయాబెల్లి అనే ఆస్ట్రియా స్వరకర్త పిల్లల కోసం 28 చిన్న డ్యూయెట్లు రాశాడు. శిష్యుడి భాగం ఐదు స్వరాలు దాటదు, చేతులు కదపకుండా కూర్చున్న చోటే వాయించవచ్చు. గురువు భాగం కాస్త కష్టం, అది నేను చూసుకుంటాను. ఆ ఐదు స్వరాల భాగం ఏ వయసులో ఉన్న అమ్మకైనా, నాన్నకైనా, తాతయ్యకైనా నెలలో వస్తుంది. శనివారం సాయంత్రం మీ బిడ్డతో పాటు మీరూ లోపలికి రండి, గేటు బయట బండి మీద కూర్చోవడం ఎందుకు?

ఒక్కసారైనా అసలు పియానో దగ్గరికి తీసుకెళ్లండి. చెన్నై మనకు దాదాపు 140 కిలోమీటర్లు, మన జంక్షన్‌లో ఆగే బండ్లకు కొదవ లేదు. అన్నాసాలైలో మ్యూసీ మ్యూజికల్ 1842 నాటి దుకాణం, పియానోలు కళ్లారా చూడవచ్చు. ఎగ్మూరు మ్యూజియం థియేటర్ లాంటి చోట్ల కచేరీలు జరిగినప్పుడు వెళ్లండి. 88 మెట్లు, రెండు వందలకు పైగా తీగలు, ఒక్కో మెట్టు వెనక ఒక్కో సుత్తి. మైకు లేకుండా హాలు నిండుతుంది. ఒక భాగం అయ్యి ఇంకో భాగం మొదలయ్యే మధ్యలో చప్పట్లు కొట్టరు, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. జంట కచేరీ అయితే ఇంకా మంచిది. ఇద్దరిలో ఎవరి పాదం పెడల్ మీద ఉందో కనిపెట్టమని పిల్లలకు పని పెట్టండి, కదలకుండా కూర్చుంటారు.

యాన్యువల్ డేకు పేర్లు ఇచ్చేవారు ఈసారి రెండేసి పేర్లు ఇవ్వండి. తోడు దొరకని పిల్లలకు నేను జత కలుపుతాను. వేరే సెక్షన్ అయినా, వేరే తరగతి అయినా పర్వాలేదు. అన్నాచెల్లెళ్లు అయితే ఇంట్లో సాధన తేలిక, గొడవలు ఎక్కువ. 61 మెట్ల కీబోర్డు మీద చిన్న పిల్లలిద్దరు సరిపోతారు. ఏడో తరగతి దాటితే మోచేతులు పట్టవు కాబట్టి రెండు కీబోర్డులు పక్కపక్కన వేద్దాం, రెండింటికీ ఒకే శబ్దం పెడదాం. మీ ఇంట్లో కీబోర్డు స్టాండు ఉంటే ఆ రోజుకు తెచ్చివ్వండి, స్కూల్లో ఉన్నవి చాలవు.

వీడియో తీసేటప్పుడు ఫోను అడ్డంగా పట్టుకోండి. నిలువుగా పట్టుకుంటే ఇద్దరిలో ఒకరు బొమ్మలోంచి పోతారు.